లెపర్డ్ గెకోకు రాతిసందు లాంటి ఇల్లు

లెపర్డ్ గెకో అఫ్గానిస్థాన్, పాకిస్థాన్, వాయవ్య భారతాల్లోని రాతి నేలల్లో బతికే బల్లి. ఎడారి జీవి అన్న మాట విని చాలామంది గాజు తొట్టి నిండా ఇసుక పోసి దానిని అందులో వదులుతారు. నిజానికి అది గట్టి నేల మీద నడుస్తూ, పగలంతా రాతి సందుల్లో దాగి, మునిమాపు వేళ వేటకు బయలుదేరుతుంది. తొట్టిని అమర్చేటప్పుడు ఈ రాతిసందునే మనసులో పెట్టుకోవాలి.

పెరిగిన గెకో 20 నుంచి 25 సెంటీమీటర్ల పొడవుంటుంది. మన గోడబల్లిలా దీని వేళ్లకు అంటుకునే మెత్తలు లేవు, గాజును ఎక్కలేదు. కాబట్టి ఎత్తు కన్నా నేల ముఖ్యం. ఒక్కదానికి 90 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు ఉన్న తొట్టి తీసుకుని, అడుగున పలకరాళ్లు గానీ టైల్స్ గానీ పరచండి. ఒక చివర రాతి పైభాగం 32–34 డిగ్రీల సెల్సియస్ వేడిగా, రెండో చివర 25 డిగ్రీల దగ్గర ఉండాలి. పొట్టను వెచ్చని రాతికి ఆనించి తిన్నది అరిగించుకునే ఈ జీవికి అదుపు లేని హీటర్ వల్ల కాలిన గాయాలవుతాయి. థర్మోస్టాట్ లేకుండా హీటర్ పెట్టకండి.

దాగే చోట్లు మూడు కావాలి: వేడి వైపు ఒకటి, చల్లని వైపు ఒకటి, రెంటి మధ్య తేమగా ఉండేది ఒకటి. చాలామంది వదిలేసేది ఈ మూడోదానినే. బయట నేల ఎంత ఎండినా రాతి సందుల లోతుల్లో కాస్త చెమ్మ నిలుస్తుంది, గెకో కుబుసం విడవడానికి అదే ఆధారం. మూత ఉన్న చిన్న డబ్బాకు పక్కన దారి కోసి, లోపల తడిపి పిండిన నాచు పెట్టి, అది ఎండకుండా చూస్తే చాలు. ఆ చెమ్మ దొరకకపోతే పాత చర్మం వేళ్లకు ఉంగరంలా బిగుసుకుని, రక్తం ఆడక వేళ్లే ఊడిపోతాయి. కుబుసం విడిచిన ప్రతిసారీ వేళ్లను పరిశీలించండి.

పెద్దవాటికి రెండు మూడు రోజులకొకసారి కీచురాళ్లు, బొద్దింకలు వంటి పెంపకపు పురుగులను కాల్షియం పొడి అద్ది వేయాలి. మిణుగురులు విషం, ఎన్నడూ పెట్టకూడదు. కొవ్వు తోకలో దాచుకుంటుంది గనుక తోక సన్నబడితే సరీసృపాలు చూసే పశువైద్యుని వద్దకు వెంటనే తీసుకెళ్లండి. తోక పట్టి ఎత్తితే తెగిపోతుంది. మళ్లీ మొలిచినా మునుపటి రూపం రాదు.