వజ్రపు ఉంగరం కొనేటప్పుడు కట్‌ను పోల్చి చూడడం ఎలా?

నగల దుకాణంలో వజ్రపు ఉంగరం అడిగితే 'ఈఎఫ్ కలర్ (దాదాపు రంగులేనిది), వీవీఎస్ క్లారిటీ (లోపాలు అతి స్వల్పం)' అన్న మాటలు, ఆ తర్వాత ఎన్ని సెంట్లు (వంద సెంట్లు ఒక క్యారెట్) అన్న లెక్క వినిపిస్తాయి. కట్, అంటే రాయిని ఏ కొలతల్లో, ఏ కోణాల్లో కోసి సానపట్టారన్న సంగతి మాత్రం మనం అడిగితే తప్ప సాధారణంగా చెప్పరు. కానీ రవ్వ తళుక్కుమనాలన్నా, వెలవెలబోవాలన్నా ముఖ్య కారణం ఈ కట్ మాత్రమే. గోల్కొండ రాజ్యపు గనుల్లో దొరికిందని చెప్పుకునే కోహినూరును 1851లో లండన్ మహాప్రదర్శనలో చూసినవారు మెరుపు లేదని పెదవి విరిచారు. మరుసటి ఏడాది దాన్ని మళ్లీ సానపట్టించగా, సుమారు 186 క్యారెట్ల రాయి 105.6 క్యారెట్లకు తగ్గింది. మెరుపు కోసం అంత బరువును వదులుకున్నారు.

రాయి పైభాగాన్ని క్రౌన్ అనీ, దాని నడుమనున్న చదును ముఖాన్ని టేబుల్ అనీ, కింది వాలు భాగాన్ని పెవిలియన్ అనీ అంటారు. పైనుంచి దూరిన కాంతి పెవిలియన్ ముఖాలకు తగిలి, వెనక్కి తిరిగి మన కంటికి చేరినప్పుడే రాయి మెరుస్తుంది. పెవిలియన్ మరీ లోతైతే నడిమధ్యన నల్లటి మచ్చ కనిపిస్తుంది. మరీ పలచనైతే టేబుల్ లోపల తెల్లటి వలయం ఏర్పడి రాయి చేపకన్నులా నిర్జీవంగా ఉంటుంది.

అందుచేత గుండ్రటి రాయి విషయంలో ముందు సర్టిఫికెట్‌లోని కొలతల బొమ్మను చూడాలి. 1919లో వజ్రాల కోత నిపుణుడు మార్సెల్ టోల్కోవ్‌స్కీ లెక్కగట్టిన ప్రకారం టేబుల్ రాయి అడ్డుకొలతలో 53 శాతం, క్రౌన్ కోణం 34.5 డిగ్రీలు, పెవిలియన్ కోణం 40.75 డిగ్రీలు ఉండాలి. నేడు టేబుల్ 54 నుంచి 58 శాతం, మొత్తం లోతు 60 నుంచి 62.5 శాతం, క్రౌన్ 34 నుంచి 35, పెవిలియన్ 40.6 నుంచి 41 డిగ్రీల మధ్య ఉన్న రాళ్లను ముందుగా ఏరుకోవడం మేలు. ఈ రెండు కోణాలనూ కలిపి చూడాలి: క్రౌన్ కాస్త నిటారుగా ఉంటే పెవిలియన్ కాస్త పలచగా ఉండడం మంచిది, రెండూ ఎక్కువైతే కాంతి కిందినుంచి జారిపోతుంది. వజ్రాలను పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే అమెరికా సంస్థ జీఐఏ 2006 నుంచి గుండ్రటి రాళ్లకు ఇస్తున్న 'ఎక్సలెంట్' గ్రేడు పరిధి విశాలమైనది. ఇతర కొలతలు అనుకూలిస్తే క్రౌన్ 35.5, పెవిలియన్ 41.2 డిగ్రీల రాయికీ అది దక్కవచ్చు. కాబట్టి 'ట్రిపుల్ ఎక్సలెంట్' (కట్, పాలిష్, సిమెట్రీ అంటే ముఖాల పొందిక, మూడింటికీ ఎక్సలెంట్) అనగానే తృప్తిపడకుండా అంకెలు అడగండి.

మిల్లీమీటర్లు కూడా చూడండి. చక్కగా కోసిన ఒక క్యారెట్ గుండ్రటి రాయి అడ్డుకొలత సుమారు 6.4 నుంచి 6.5 మిల్లీమీటర్లు ఉంటుంది. అదే బరువు రాయి 6.1 దగ్గరే ఆగితే, మీరు డబ్బు చెల్లించే బరువు కంటికి కనిపించకుండా లోతులోనో, మందపాటి గర్డిల్‌లోనో (క్రౌన్, పెవిలియన్ కలిసే అంచులోనో) దాగి ఉందన్నమాట. అప్పుడు బాగా కోసిన 90 సెంట్ల రాయి దానికంటే పెద్దదిగా కనిపించవచ్చు, ధర కూడా సాధారణంగా తగ్గుతుంది.

అంకెలు కుదిరాక రెండు మూడు రాళ్లను పక్కపక్కన పెట్టించుకోండి. దుకాణంలోని స్పాట్‌లైట్ల కింద నాసిరకం కట్ కూడా మిలమిలలాడుతుంది గనుక, ట్రేను కిటికీ దగ్గరికో, మామూలు ట్యూబ్‌లైట్ కిందికో తీసుకెళ్లమని నిస్సంకోచంగా అడగాలి. వేలిముద్రల జిడ్డు మెరుపును మింగేస్తుంది, అందుకని ముందు మెత్తటి గుడ్డతో తుడిపించండి. ఆపై రాయిని మెల్లగా అటూ ఇటూ వంచుతూ చూడండి: మంచి కట్‌లో తెలుపు, నలుపు పట్టెలు సమానంగా పరుచుకుని, కదలికతో చకచకా చోటు మార్చుకుంటాయి. ఎటు వంచినా మసకగానే మిగిలిపోయే చోటు ఉంటే ఆ రాయిని పక్కన పెట్టండి. అడుగు మూసిన క్లోజ్డ్ సెట్టింగ్‌లో ఈ తేడా సరిగా తెలియదు, వీలైతే బిగించకముందే విడిరాయిని చూడాలి.

ఓవల్, పియర్ ఆకారాలకు జీఐఏ కట్ గ్రేడు ఇవ్వదు. ఆ సర్టిఫికెట్‌లోని 'ఎక్సలెంట్' పాలిష్‌కూ సిమెట్రీకీ చెందినది. వాటిలో మధ్యన అడ్డంగా, మెడకు కట్టే బో టై ఆకారంలో పరుచుకునే నల్లటి 'బో టై' నీడ ఎంత తక్కువుంటే అంత మంచిది, దాన్ని కంటితోనే తేల్చుకోవాలి.