జెఫ్ మిల్స్ పద్ధతిలో ఒకే ఒక్క లూప్‌తో టెక్నో ట్రాక్ కట్టడం ఎలా

టెక్నో (డ్రమ్ మెషీన్లు, సింథ్‌లతో చేసే డాన్స్ మ్యూజిక్) చేద్దామని కూర్చున్నవాళ్లు చాలామంది ముందు డెట్రాయిట్ డీజే జెఫ్ మిల్స్ ఏ మెషీన్ వాడాడో వెతుకుతారు, నేనూ అదే చేశా, కానీ ఆయన ఎక్కడ్నుంచి వచ్చాడో చూస్తే అంతకంటే ఎక్కువ దొరుకుతుంది. 1980ల్లో డెట్రాయిట్ రేడియోలో ‘ది విజార్డ్’ పేరుతో చకచకా రికార్డులు మార్చేస్తూ మిక్స్‌లు చేసేవాడు, తర్వాత మైక్ బ్యాంక్స్‌తో అండర్‌గ్రౌండ్ రెసిస్టెన్స్ అనే గ్రూప్, 1992లో సొంత లేబుల్ యాక్సిస్. మూడు టర్న్‌టేబుళ్లు, పక్కన ఒక 909 (రోలాండ్ డ్రమ్ మెషీన్) పెట్టుకుని వాయించే మనిషి చేసిన ట్రాక్స్ అవి, అందుకే వాటిలో ఇంకో రికార్డు వచ్చి కూర్చోడానికి చోటుంటుంది.

ఇక మన పని. 1994 నాటి సైకిల్ 30 రికార్డులో లాక్డ్ గ్రూవ్స్ ఉన్నాయి, అంటే సూది ముందుకెళ్లకుండా అదే గాడిలో తిరుగుతూ ఉంటుంది. నిమిషానికి 33⅓ చుట్లు కాబట్టి ఒక చుట్టుకి 1.8 సెకన్లు, అందులో 4 బీట్లు పడితే టెంపో నిమిషానికి 133.33 బీట్లు అవుతుంది. మీ సాఫ్ట్‌వేర్‌లో సరిగ్గా అదే పెట్టి ఒక్క బార్, అంటే ఆ 4 బీట్లే, మళ్లీ మళ్లీ తిరిగేలా లూప్ చేయండి.

ఆ బార్‌ని 16 స్టెప్పులుగా విడగొట్టి, కిక్ (బేస్ డ్రమ్) 1, 5, 9, 13 మీద, ఓపెన్ హ్యాట్ (కాసేపు మోగే తాళం సౌండ్) 3, 7, 11, 15 మీద, మిగతా చోట్ల క్లోజ్డ్ హ్యాట్ (టక్కున ఆగేది) కొంచెం తక్కువ వాల్యూమ్‌లో. 909లో క్లోజ్డ్ హ్యాట్ పడగానే ఓపెన్ హ్యాట్ తోక తెగిపోతుంది, ఆ ఊపంతా అక్కడే ఉంది, శాంపిల్స్ వాడుతుంటే రెండూ ఒకే చోక్ గ్రూప్‌లో (ఒకటి మోగితే రెండోది ఆగిపోయే సెట్టింగ్) పెట్టడం మర్చిపోవద్దు. పైన సింథ్‌తో రెండు మూడు నోట్లు చాలు.

ఇప్పుడు ఏమీ ముట్టుకోకుండా పది నిమిషాలు వినండి. ఇదే కష్టం, చెయ్యి ఊరుకోదు, ఇంకో సౌండ్ వేద్దామనిపిస్తుంది. విసుగొస్తే ఏది విసిగిస్తోందో పట్టుకుని తీసేయండి, కొత్తది మాత్రం వేయొద్దు. నేను వారాల తరబడి లేయర్లు పేర్చి పాడుచేసుకున్న లూప్ ఒకటి, క్లాప్ తీసేయగానే నిలబడింది!

తర్వాత రికార్డ్ నొక్కి ఒకే టేక్‌లో ఏడు నిమిషాలు చేత్తో వాయించండి: కిక్ డికే, హ్యాట్ డికే (సౌండ్ ఎంతసేపు మోగాలో చెప్పేవి), సింథ్ ఫిల్టర్ (సౌండ్‌ని మూసి తెరిచేది), రివర్బ్ సెండ్ (ఎంత ప్రతిధ్వని కలపాలో చెప్పేది), ఈ నాలుగు నాబ్‌లే. ప్రతి 16 బార్లకి, అంటే దాదాపు 29 సెకన్లకి, ఒక్కటి మారితే చాలు, అదీ మెల్లగా తిప్పండి. సాఫ్ట్‌వేర్‌లో మౌస్‌తో గీసిన ఆటొమేషన్‌కి (నాబ్‌లు వాటంతటవే తిరిగేలా చేసేది) ఈ చేతి తడబాటు రాదు, అందుకే చిన్న తప్పులు అలాగే ఉంచేయండి.

అయ్యాక మీ ట్రాక్‌ని మీకిష్టమైన ఇంకో ట్రాక్‌తో కలిపి మిక్స్ చేసి చూడండి. రెండు కిక్‌లూ కొట్టుకుంటుంటే ఒకదాని బేస్ (లోతైన సౌండ్) ఈక్యూలో, అంటే టోన్ సరిచేసే నాబ్‌తో, కిందికి లాగండి, అప్పుడు కూడా ఇరుగ్గా అనిపిస్తే మళ్లీ లూప్ దగ్గరికెళ్లి ఇంకోటి తీసేయండి.