కొట్లాట కేసులో సాక్ష్యానికి వెళ్తున్నారా? అవతలి ప్లీడరు చెబుతున్నాడు, వినండి

నేను పర్లాకిమిడిలో క్రిమినల్ ప్లీడరుని. ఎక్కువగా ముద్దాయి తరఫునే నిలబడతాను కాబట్టి సాక్ష్యంలో కంత ఎక్కడ దొరుకుతుందో బాగా తెలుసు.

మొదటిది పోలీసు వాంగ్మూలం. మీరు తెలుగులో చెబుతారు, ఐఓ, అంటే కేసు దర్యాప్తు చేసే పోలీసాయన, ఒడియాలో రాసుకుంటాడు. 1936లో ఈ ఊరు ఒడిశాలో కలిసింది గానీ మన ఇళ్లలో మాట మారలేదు కదా! రాసింది అప్పుడే తెలుగులో చెప్పించుకుని వినండి. దానిమీద సంతకం తీసుకోకూడదని చట్టమే చెబుతోంది. ఫిర్యాదు మీద సంతకం వేరే సంగతి.

ఇక క్రాస్, అంటే కోర్టులో అవతలి ప్లీడరు మిమ్మల్ని అడిగే ప్రశ్నలు. గట్టు తగాదా అనుకుందాం. పోలీసులకు "కర్రతో ఒక్క దెబ్బ కొట్టాడు" అన్నారు. కోర్టుకొచ్చాక దెబ్బ తిన్న బావమరిది మీద ప్రేమకొద్దీ "గొడ్డలి కూడా తీశాడు" అని కలిపారు. నాకంతే చాలు. "ఆ రోజు పోలీసులకు గొడ్డలి మాట చెప్పారా?" అంటాను. చెప్పానంటారు. తర్వాత ఐఓ బోనెక్కితే అదే ప్రశ్న. చెప్పలేదంటాడు. ఒక అబద్ధం దొరికిందని సాక్ష్యం మొత్తం తోసెయ్యాలన్న రూలు మన దేశంలో లేదు. కానీ తాలూ గింజా విడదీయలేనంతగా కలిసిపోతే, నిజంగా తగిలిన కర్రదెబ్బ మీద కూడా అనుమానం పడుతుంది. ఆ అనుమానం సబబైనదైతే లాభం ముద్దాయిదే.

గొడవ ఏడింటికా, ఏడున్నరకా అన్న తేడాకి టెన్షన్ పడకండి. సాక్షి బుర్రలో వీడియో టేపు తిరగదని సుప్రీంకోర్టు 1983లోనే చెప్పింది. దూరం అడుగుల్లో తెలియకపోతే "ఇక్కడినుంచి ఆ తలుపంత" అని చూపించండి. రాత్రి గొడవైతే వెలుగు ఎక్కడినుంచి పడిందో అడుగుతాను. గుర్తులేకపోతే గుర్తులేదనండి. ఆ జవాబు మీద నేను పెద్దగా ఏమీ కట్టలేను.

చుట్టరికం దాచొద్దు. చుట్టమైనంత మాత్రాన సాక్ష్యం చెల్లకపోదు, దాస్తేనే చెడుతుంది. బలం కోసం పదిమందిని పోగెయ్యడమూ దండగే. నమ్మదగ్గ సాక్షి ఒక్కడైనా శిక్ష వెయ్యొచ్చని 1957 నుంచీ ఉన్న మాటే.

ఒడియా సరిగా రాకపోతే బోనెక్కగానే జడ్జిగారికి చెప్పండి. చివర్లో మీ సాక్ష్యం చదివి వినిపిస్తారు, అది కూడా మీకు అర్థమయ్యే భాషలోనే. ఎడమ కణత కుడి కణతగా పడితే అప్పుడే ఆపి దిద్దించండి. సంతకం చేసొచ్చి వరండాలో నన్నడిగితే నేనేం చేస్తాను, అవతలి ప్లీడరుని.