విశాఖ–భీమిలి బీచ్ రోడ్డు: బయల్దేరే ముందు జాగ్రత్తలు

సోమవారం పెట్టుకోకండి. ఆర్కే బీచ్ దగ్గరి కురుసుర సబ్‌మెరైన్ మ్యూజియానికి ఆ రోజు సెలవు. లోపల దారి ఇరుకు, తల వంచుకుని నడవాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు ముందే చెప్పండి.

తొట్లకొండ పొద్దున్నే ఎక్కేయండి, పైన నీడ తక్కువ. బౌద్ధ భిక్షువుల కాలంలో రాతిలో తొలిచిన నీటి తొట్ల వల్లే ఆ పేరొచ్చింది. మన తాగునీళ్లు మాత్రం మనమే మోసుకెళ్లాలి!

రుషికొండలో నీళ్లు చూడగానే దిగాలనిపిస్తుంది. లైఫ్‌గార్డు వద్దంటే వాదించకండి.

అసలు జాగ్రత్త ఎర్రమట్టి దిబ్బల దగ్గర. వాన చెక్కిన ఆ గట్ల అంచులు గట్టిగా కనిపిస్తాయి, కాలు పెడితే పొడిపొడిగా రాలతాయి. సెల్ఫీ కోసం అంచుకు వెళ్లొద్దు, మట్టి తవ్వొద్దు. తెల్ల బూట్లతో వెళ్లి నేను చేసిన తప్పు మీరు చేయకండి. మూడు ఉతుకులకీ ఆ ఎరుపు పోలేదు.

భీమిలిలో డచ్చివాళ్ల సమాధుల మీద కూర్చుని ఫొటోలు దిగకండి. చీకటి పడకముందే తిరుగుప్రయాణం, మలుపుల్లో పశువులు అడ్డొస్తాయి.