ఐస్‌లాండ్‌లో ఫాంటానా వేడినీళ్ల స్నానానికి వెళ్తున్నారా? బయల్దేరే ముందు ఇవి చూసుకోండి

లోయ్‌గర్‌వాట్న్ సరస్సు ఒడ్డున ఉండే స్నానశాల ఇది, రాజధాని రేక్యవిక్ నుంచి కారులో గంట పైనే.

- శీతాకాలమైతే ముందు రోడ్డు పరిస్థితి, గాలి వేగం చూడండి. అక్కడి గాలికి కారు డోర్ ఊడి వచ్చేస్తుందేమో అనిపిస్తుంది, రెండు చేతులతో పట్టుకుని తెరవండి.

- వెండి గొలుసులు, పట్టీలు, ఉంగరాలు హోటల్లోనే వదిలేయండి, నీళ్లలోని గంధకానికి నల్లబడతాయి. కుళ్లిన గుడ్డు వాసన కూడా దాని పుణ్యమే, పది నిమిషాల్లో అలవాటైపోతుంది.

- మనవాళ్లకి అసలు టెన్షన్ ఇక్కడే: నీళ్లలో దిగే ముందు స్విమ్‌సూట్ లేకుండా, సబ్బుతో ఒళ్లంతా కడుక్కోవాలి. ఆడవాళ్లకీ మగవాళ్లకీ గదులు వేరు. సిగ్గుపడి బట్టల మీదే నాలుగు చెంబులు పోసుకుని వచ్చేస్తే కుదరదు, ఎందుకంటే అక్కడి కొలనుల్లో క్లోరిన్ చాలా తక్కువ వాడతారు, శుభ్రత మన మీదే ఉంటుంది.

- బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు, గర్భిణులు ముందు డాక్టర్ని అడగాలి. ఆవిరి గదిలోంచి నేరుగా చల్లటి సరస్సులోకి దూకే సరదా వీళ్లకి వద్దు. మిగతావాళ్లు కూడా మోకాళ్ల దాకా దిగి, ఊపిరి కుదురుకున్నాకే ముందుకెళ్లండి.

- ఒడ్డున ఇసుకలో బుడగలొస్తున్న చోట కాలు పెట్టొద్దు. ఆ వేడికే రై (గోధుమ లాంటి ధాన్యం) రొట్టెని 24 గంటలు పాతిపెట్టి ఉడికిస్తారు మరి! వెన్న రాసి తినండి, బావుంటుంది.

- మందు కొట్టి దిగొద్దు. తువ్వాలు, నీళ్ల బాటిల్, ఉన్ని టోపీ మర్చిపోవద్దు, తడి జుట్టుతో పార్కింగ్ దాకా నడవడం నరకం.