వీధి దీపాల టైమర్‌తో ఆవర్తన ప్రమేయాలు

ఆవర్తన ప్రమేయాలు, అంటే విలువలన్నీ ఒకే దూరంలో మళ్లీ మళ్లీ వచ్చే ప్రమేయాలు, మొదలుపెట్టే రోజు బోర్డు మీద సైన్ గ్రాఫు గీయకండి. ఒక ప్రశ్న రాయండి: మన ఊరి వీధి దీపాలకు టైమర్ పెడితే ఏ రోజున ఎన్నింటికి వెలగాలి, ఎన్నింటికి ఆరాలి, ఏడాదికి ఎన్నిసార్లు ఆ టైమర్ మార్చాలి? అంతే. పదో తరగతి వాళ్లయినా ఇంటర్ ఫస్టియర్ వాళ్లయినా కాసేపట్లో వాళ్లే అడుగుతారు, పొద్దుగూకగానే వెయ్యాలా, పావుగంట ఆగొచ్చా, కరెంటు బిల్లు చూడాలా, చీకట్లో నడిచేవాళ్లని చూడాలా అని. మీరు జవాబు చెప్పకండి. ఏం అనుకుని లెక్క మొదలుపెడుతున్నారో ప్రతి గ్రూపూ ముందే కాగితం మీద రాసుకోవాలి, తర్వాత వాదించుకోవడానికి అదే ఆధారం.

లెక్కకి కావాల్సిన అంకెలు పంచాంగంలో ఉంటాయి. ప్రతి నెలా 1, 15 తేదీల సూర్యోదయం, సూర్యాస్తమయం రాసుకుంటే చాలు. ఆ టైములు ఏ ఊరికి వేసినవో మాత్రం చూడమనండి, ఎందుకంటే రేఖాంశం ఒక డిగ్రీ మారితే 4 నిమిషాలు మారుతుంది, శ్రీకాకుళానికీ అనంతపురానికీ దాదాపు 25 నిమిషాల తేడా.

గ్రాఫు దగ్గర తొందరపడొద్దు. సూర్యాస్తమయం టైముల్ని ఒక్క ఏడాదికి గీస్తే ఒక గుట్ట, ఒక పల్లం కనిపిస్తాయి, పిల్లలు అదే ఆవర్తనం అనేస్తారు. అలలా ఉండటం వేరు, తిరిగి రావడం వేరు. అందుకే పాత పంచాంగం కూడా తెప్పించి వరుసగా రెండేళ్లకి గీయించండి, దాన్నే పల్చటి కాగితం మీద ఎత్తి రాయించి, పక్కకి జరుపుతూ చూడమనండి. 365 రోజులు జరిపితే గీత మీద గీత కూర్చుంటుంది, ఆ దూరమే పీరియడ్. ఆర్నెల్లు జరిపితే గుట్ట పల్లం మీద పడుతుంది. "సార్, సాయంత్రం 6:20 ఏడాదిలో రెండుసార్లు వస్తోంది, మరి పీరియడ్ ఆర్నెల్లు కాదా?" అని ఎవరో ఒకరు అడుగుతారు. నా దృష్టిలో ఈ పాఠం మొత్తం ఆ ప్రశ్న కోసమే. ఒక విలువ మళ్లీ వస్తే సరిపోదు, ప్రతి విలువా అదే దూరంలో మళ్లీ రావాలని అక్కడే, ఆ కాగితం చేతిలో ఉండగానే చెప్పండి.

ఇంకో చిక్కు కూడా వస్తుంది. హైదరాబాద్‌లో అన్నిటికంటే తొందరగా పొద్దుగూకేది పగలు అన్నిటికంటే చిన్నదైన డిసెంబరు 21న కాదు, నవంబరు చివర్లో; అన్నిటికంటే ఆలస్యంగా తెల్లారేది జనవరి 20 ప్రాంతంలో. భూమి అక్షం వంపు, కక్ష్య గుండ్రంగా లేకపోవడం దీనికి కారణాలు. అప్పుడు పగటి నిడివి లెక్కేయమనండి, అది సైన్‌కి చాలా దగ్గరగా వస్తుంది. జూన్‌లో సుమారు 13 గంటల 10 నిమిషాలు, డిసెంబరులో 11 గంటల 5 నిమిషాలు, అంటే మధ్య గీత 12 గంటల 7 నిమిషాల దగ్గర, ఆంప్లిట్యూడ్, అంటే ఆ గీత నుంచి గుట్ట ఎత్తు, గంటకి కాస్త ఎక్కువ. మార్చి 21 నుంచి రోజులు లెక్కపెట్టి, 365తో భాగించి, 360తో గుణించి సైన్ తీసి, దాన్ని ఆంప్లిట్యూడ్‌తో గుణించి మధ్య గీతకి కలిపితే మోడల్ తయారు. లండన్‌లో అన్నయ్యో అక్కో ఉన్న పిల్లలుంటే అక్కడి టైములు అడిగి తెమ్మనండి: పీరియడ్ అదే, ఆంప్లిట్యూడ్ మాత్రం నాలుగు రెట్లు. దక్షిణార్ధగోళంలో ఉన్న మెల్‌బోర్న్ అయితే గుట్ట డిసెంబరుకి వెళ్లిపోతుంది.

మళ్లీ టైమర్ దగ్గరికి రండి. హైదరాబాద్‌లో సూర్యాస్తమయం ఏడాది పొడవునా దాదాపు 75 నిమిషాల మేర కదులుతుంది. 15 నిమిషాల మెట్లు వేస్తే 5 మెట్లు, ఎక్కడానికి 4, దిగడానికి 4, మొత్తం 8 మార్పులు. అరగంట తేడా పర్లేదన్న గ్రూపుకి 4 చాలు. రెండూ సరైన జవాబులే, మార్కులు వాళ్లు చెప్పే కారణానికి ఇవ్వండి.

పౌర్ణమికి దీపాలు తగ్గించొచ్చా అని ఎవరైనా అడిగితే ఆపకండి. పౌర్ణమి నుంచి పౌర్ణమికి పీరియడ్ సుమారు 29.5 రోజులు, 12 సార్లు వేస్తే 354, ఏడాదికి 11 రోజులు తక్కువ. అధిక మాసం ఎందుకొస్తుందో వాళ్లే కనిపెడతారు, దానికి ఇంకో రెండు క్లాసులు ఉంచుకోండి.