రాష్ట్ర చెత్త ప్రణాళికను తిరగరాసేటప్పుడు

పాత ఫైలు తెరవకముందే పొద్దున్నే డంపింగ్ యార్డుకి వెళ్లి, లారీ దింపిన చెత్తలోంచి ఓ వంద కిలోలు పక్కకు తీయించి, తడి, పొడి, శానిటరీ ప్యాడ్లు, బ్యాటరీలు వేరు చేయించి తూకం వేయించండి. వానాకాలంలో మళ్లీ తూచండి, తడిసిన చెత్త బరువు వేరు.

2022 జులై 1 నుంచి ప్లాస్టిక్ స్ట్రాలు, స్పూన్లు నిషేధం, ఆ డిసెంబరు 31 నుంచి ప్లాస్టిక్ సంచులు కనీసం 120 మైక్రాన్ల మందం ఉండాలి; పాత ప్రణాళికలో ఇవి లేకపోతే చేర్చండి.

చెత్త ఏరుకునేవాళ్లని తప్పకుండా పిలిచి కూర్చోబెట్టండి, 2016 నాటి ఘన వ్యర్థాల నిబంధనలే ఆ మాట చెప్పాయి, పైగా పాత సామాన్ల కొట్టులో ఏది అమ్ముడుపోతుందో, చిప్స్ ప్యాకెట్టు ఎందుకు ఎవరూ కొనరో వాళ్లకే బాగా తెలుసు.

రీసైక్లింగ్ కంటే ముందు తగ్గించడం గురించి రాయండి: సిద్దిపేటలోలా ఊరి విందులకు స్టీల్ బ్యాంకు (స్టీల్ ప్లేట్లు, గ్లాసులు తీసుకెళ్లి వాడి తిరిగిచ్చే చోటు) పెడితే ప్లాస్టిక్ ప్లేట్లే రావు. ప్రతి లక్ష్యం పక్కన ఏడాది, డబ్బు, బాధ్యుడు ఉండాలి.